పూర్తి రాతప్రతి చదివాక ఏజెంట్ కాదన్నారు: ఈ దశను మీరెలా దాటారు?

వేకువరాత

అందరికీ నమస్కారం. తొలి నవల ముగించి, కొంతకాలంగా దాన్ని నా తరఫున ప్రచురణ సంస్థలకు అమ్మిపెట్టే లిటరరీ ఏజెంట్ కోసం వెతుకుతున్నాను. క్వెరీ లేఖ, అంటే నవలను పరిచయం చేస్తూ ఏజెంటుకు పంపే ఉత్తరం, దశలోనే వచ్చిన తిరస్కరణలు బాధించినా, వాళ్లు చదివింది ఒక పేజీ ఉత్తరమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకోగలిగాను. ఈ వారం వచ్చిన ఉత్తరం విషయంలో అలా సర్దిచెప్పుకోవడానికి వీలు లేకుండా పోయింది. మొదటి అధ్యాయాలు చూసి, నచ్చి, పూర్తి రాతప్రతి పంపమని తనంతట తానుగా అడిగిన ఏజెంట్, నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, చివరకు నాలుగు వాక్యాలు రాశారు. వచనం బాగుందని, పాత్రలు గుర్తుండిపోయేలా ఉన్నాయని అంటూనే, ఈ నవల బాధ్యతను తలకెత్తుకోవడానికి కావలసినంతగా తన మనసు అందులో లగ్నం కాలేదని చెప్పారు. ఇవన్నీ వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయాలనీ, మరొక ఏజెంటుకు మరోలా అనిపించవచ్చుననీ చివరి వాక్యంలో రాశారు.

అప్పటి నుంచి ఆ ఉత్తరానికి నానా అర్థాలూ తీస్తూ కూర్చున్నాను. మధ్య అధ్యాయాలు సాగదీసినట్లున్నాయా, ముగింపు తేలిపోయిందా, అసలు ఆ మెచ్చుకోలు మాటలు నన్ను నొప్పించకుండా ఉండడానికి రాసినవేనా? రాతప్రతి తెరిస్తే ఏ వాక్యం చూసినా కొట్టేయాలనిపిస్తోంది. ఇలాంటి ఉత్తరం నుంచి రచయిత తీసుకోదగినది ఏమైనా ఉంటుందా? రాయడానికి చేయి ఆడని ఈ రోజులను మీలో ఈ దారిన నడిచినవారు ఎలా గడిపారు?

మూడోప్రతి

వేకువరాత గారూ, ముందుగా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే రెండో ప్రశ్న సగం దాని మీదే ఆధారపడి ఉంది. ఆ నాలుగు వాక్యాలలో మీ నవల గురించిన సమాచారం దాదాపుగా లేదు. "మనసు లగ్నం కాలేదు" అన్నది ఈ వృత్తిలో నలిగిన మాట. చాలా బాగా రాసిన పుస్తకాలకూ, మామూలుగా రాసిన పుస్తకాలకూ అదే మాట వెళుతుంది.

ఇది ఎందుకు ఇలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఏజెంటుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాలలో లండన్‌లో ఏ.పి. వాట్ ఈ పనిని ఒక వృత్తిగా నిలబెట్టినప్పుడు పది శాతం కమీషన్ మీద నడిపారు. ఇప్పుడు సొంత దేశంలో జరిగే అమ్మకాల మీద 15 శాతం, విదేశీ హక్కుల మీదా అనువాద హక్కుల మీదా సాధారణంగా 20 శాతం తీసుకుంటున్నారు. అంకె పెరిగింది గానీ పద్ధతి మారలేదు. పుస్తకం ప్రచురణ సంస్థకు అమ్ముడుపోయేదాకా ఏజెంటుకు దాని మీద ఒక్క పైసా రాదు. అంటే మీ నవలను ఒప్పుకున్న మనిషి దాన్ని మళ్లీ రెండు మూడు సార్లు చదవాలి, సవరణలు సూచించాలి, ప్రచురణ సంస్థల్లో ఏ ఎడిటర్‌కు చూపించాలో తేల్చుకోవాలి, వాళ్లు కాదంటే మరొకరి దగ్గరికి తీసుకువెళ్లాలి. ఒక ఏడాదో అంతకన్నా ఎక్కువో పట్టే ఈ పని అంతా ప్రతిఫలం ఉంటుందో లేదో తెలియకుండానే చేయాలి. అందువల్ల ఏజెంట్ తనను తాను వేసుకునే ప్రశ్న "ఇది మంచి నవలా?" అన్నది కాదు. "దీన్ని కొనే ఎడిటర్లు నాకు తెలుసా, దీనితో ఇన్ని నెలలు గడపడానికి నేను సిద్ధమేనా?" అన్నది. ఆ ప్రశ్నకు కాదు అని జవాబు వస్తే, మొదటి ప్రశ్నకు అవును అన్న జవాబు ఉన్నా సరే, మీకు వచ్చే ఉత్తరం ఇదే.

మీకు వచ్చిన ఉత్తరంలో లేకపోయినా జరిగిన సంగతులలో ఉన్న గట్టి సమాచారం ఒకటుంది. మీ క్వెరీ చదివి పూర్తి ప్రతి అడిగారు. కాబట్టి మీ లేఖా, తొలి అధ్యాయాలూ వాటి పని అవి చేస్తున్నాయి. దయచేసి ఈ దిగులులో వాటి జోలికి వెళ్లకండి.

కొత్తకలం

నేనూ ఇదే దశలో ఉన్నాను. మూడోప్రతి గారి జవాబు దాచుకుంటున్నాను. వేకువరాత గారూ, మీరు రాసిన ప్రతి వాక్యంలో నన్ను నేను చూసుకున్నాను, అంతకన్నా చెప్పగలిగింది నా దగ్గర లేదు.

పఠనశాల

నేను కొంతకాలం ఒక ఏజెన్సీలో సహాయకురాలిగా పనిచేశాను. అవతలి గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే కొందరికైనా ఊరట కలుగుతుందని ఇది వివరంగా రాస్తున్నాను.

పగటి వేళ ఎవరూ క్వెరీలు చదవరు. పగలంతా అప్పటికే ఒప్పందం ఉన్న రచయితల పనితోనే సరిపోతుంది: ఒప్పంద పత్రాల్లో ఒక్కొక్క నిబంధన మీదా వాదించడం, రాయల్టీ లెక్కలు సరిచూడడం, ముఖచిత్రం నచ్చక బాధపడుతున్న రచయితతో మాట్లాడడం, జవాబివ్వని ఎడిటర్‌కు గుర్తుచేయడం. ఆ రచయితల వల్లనే ఏజెన్సీ నడుస్తుంది కనుక వాళ్ల పనికే ముందు చోటు. క్వెరీలు సాయంత్రం మిగిలిన గంటలోనో, వారాంతంలోనో చదివేవాళ్లం. వైరస్ భయంతో అటాచ్‌మెంట్లు తెరిచేవాళ్లం కాదు కాబట్టి, లేఖ కిందనే అతికించిన తొలి పేజీలను అదే తెర మీద కిందికి జరుపుతూ చదివేదాన్ని. ఎక్కువ సందర్భాలలో రెండు మూడు పేరాలలోనే తెలిసిపోయేది. లేఖలో చెప్పిన కథ ఒకటి, పేజీలలో మొదలైన కథ ఇంకొకటి అయ్యేది. లేదా కథ మొదలుకావడానికి ముందే నాయకుడి బాల్యమంతా ఏకరువు పెట్టి ఉండేది.

అయితే మీకు నేను చెప్పాలనుకున్నది ఆ తేలిక నిర్ణయాల గురించి కాదు. ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ల మీద రాసిన నవల ఒకటి వచ్చింది. మతిమరపు ముదిరిన తండ్రిని చూసుకోవడానికి తిరిగివచ్చిన పెద్దమ్మాయి, ఆయన చొక్కాలకు బొత్తాలు తీసేసి అంటుకునే పట్టీలు కుడుతున్న దృశ్యంతో మొదలవుతుంది. పూర్తి ప్రతి తెప్పించుకుని ఒక్క బిగిన చదివి, మర్నాడు మా ఏజెంట్ ముందు పెట్టాను. ఆమె కూడా చదివారు, ఆమెకు కూడా నచ్చింది. కానీ అప్పటికే మా దగ్గర ఉన్న మరొక రచయిత్రి రెండో నవల ఇంచుమించు అదే ఇతివృత్తంతో సిద్ధమై, మరి కొద్ది రోజుల్లో ఎడిటర్ల దగ్గరికి వెళ్లబోతోంది. ఒకే ఎడిటర్ల ముందు ఒకే ఏజెంట్ అలాంటి నవలలు రెండు పెట్టడం ఇద్దరు రచయితలకూ అన్యాయం. ఇంకా ప్రచురణకు వెళ్లని ఒక పుస్తకం సంగతి బయటివాళ్లకు చెప్పడం కూడా కుదరదు. చివరికి ఆ నవలకు వెళ్లిన ఉత్తరం మా మూస ఉత్తరమే. ఒక్క వాక్యమైనా కలుపుతానని అడిగాను, వివరణ ఇస్తే వాదన మొదలవుతుందని వద్దన్నారు. ఆ రచయిత్రి కూడా ఎక్కడో కూర్చుని, మధ్య అధ్యాయాలలో లోపం ఏముందా అని వెతుక్కుంటూ ఉండి ఉంటుందన్న ఆలోచన నన్ను చాలా కాలం వదల్లేదు.

మీ నవలకు ఇలాగే జరిగిందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి కారణం తెలుసుకోవడం సాధ్యం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

వరుసక్రమం

పై రెండు జవాబులతో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేర్చాలి. ఒక్క తిరస్కరణ ఏమీ చెప్పకపోవచ్చు గానీ, అన్నిటినీ కలిపి చూస్తే అవి చెప్పే విషయం కొంత ఉంటుంది. అందుకే జాబితాలో ఉన్న అందరికీ ఒకేసారి పంపకుండా, ఆరుగురికో ఎనిమిది మందికో ఒక విడతగా పంపి ఆగమని అనుభవజ్ఞులు చెబుతారు. ఒకేసారి పలువురికి పంపడాన్ని ఏజెంట్లు సహజంగానే తీసుకుంటారు, తనొక్కరికే పంపాలని ఎవరైనా ప్రత్యేకంగా కోరితే తప్ప.

ఒక విడత అంతా లేఖ దగ్గరే తిరిగి వస్తే, చూడవలసింది లేఖను, తొలి పేజీలను, కొన్నిసార్లు నిడివిని. పెద్దల కోసం రాసే తొలి నవలకు సాధారణంగా 80 వేల నుంచి లక్ష పదాల వరకు అనువైన నిడివి అంటారు. రెండు లక్షల పదాల రాతప్రతి అని లేఖలో కనిపిస్తే, కథ చదవకముందే పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. అడిగి తీసుకున్న పూర్తి ప్రతులు తలా ఒక కారణంతో తిరిగివస్తే అది అభిరుచి భేదం, ముందుకు సాగవచ్చు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ముగ్గురు ఒకే చోట వేలు పెట్టి చూపిస్తే, ఉదాహరణకు రెండో భాగంలో తమ్ముడి పాత్ర మాయమయ్యాక కథ చల్లబడిందని అంటే, అప్పుడు మిగతా జాబితాను ఆపి ఆ భాగం తెరవాలి. ఎందుకంటే, బాగా మారిన ప్రతి అయితే తప్ప, కాదన్న ఏజెంటుకు అదే నవలను మళ్లీ పంపడం పద్ధతి కాదు. కొన్ని ఏజెన్సీలలోనైతే ఒకరు కాదంటే అందరూ కాదన్నట్లే. విడతలుగా పంపితే, సవరించిన ప్రతిని చూపించడానికి ఇంకా కొందరు మిగిలి ఉంటారు.

ఎవరికి ఎప్పుడు పంపాం, ఏమన్నారు అన్నవి ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకోండి. వేకువరాత గారి పూర్తి ప్రతి గురించి ఇప్పటిదాకా మాట్లాడింది ఒక్కరే. ఒక్కరి మాట మీద ఏ నిర్ణయమూ వద్దు.

నిదానం

వరుసక్రమం గారు చెప్పినది సరైనదే. కానీ ఆ లెక్కలు మనసు కుదుటపడిన తర్వాత పనికి వచ్చేవి. వేకువరాత గారు అడిగింది చేయి ఆడని రోజుల గురించి కదా, నేను దాని గురించి మాట్లాడతాను.

ఈ రంగంలో ఉండాలంటే గుండె రాయి చేసుకోవాలని అందరూ అంటారు. నాకు ఆ సలహా మొదటి నుంచీ మింగుడు పడలేదు. ఎదుటి మనిషి గొంతులో చిన్న మార్పును పసిగట్టగలిగిన మనసుతోనే కదా మీరు ఆ పాత్రలను రాశారు. ఉత్తరం తెరిచేటప్పుడు మాత్రం ఆ మనసును పక్కన పెట్టేయమంటే ఎలా కుదురుతుంది? బాధ కలగడం బలహీనత కాదు. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్, కిప్లింగ్ విలియమ్స్ అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. కంప్యూటర్‌లో ముగ్గురు బంతి విసురుకునే చిన్న ఆట ఆడిస్తూ, కాసేపటికి మిగతా ఇద్దరూ తనకు బంతి ఇవ్వడం మానేసినట్లు కనిపించేలా చేసి, ఆ వ్యక్తి మెదడును స్కాన్ చేశారు. దేహానికి నొప్పి కలిగినప్పుడు ఆ వేదనతో ముడిపడి పనిచేసే భాగంలోనే అప్పుడు కూడా చలనం కనిపించింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఆటలో కలుపుకోకపోతేనే అంత ఉంటే, ఏళ్ల తరబడి రాసిన నవలను చదివి ఒక మనిషి వద్దంటే ఎంత ఉంటుందో ఆలోచించండి.

నాకు ఉపయోగపడినవి రెండు చెబుతాను. మొదటిది, క్వెరీల కోసం వేరే ఈమెయిల్ చిరునామా పెట్టుకోవడం, దాన్ని ఫోనులో ఉంచకపోవడం. పని మధ్యలో, భోజనం మధ్యలో, పిల్లలతో ఉన్నప్పుడు ఆ వార్త రాకూడదు. దానికి ఎదురుపడే వేళను మనం నిర్ణయించుకోవాలి. ఇంట్లో నమ్మకమైన మనిషి ఉంటే ముందు వాళ్లను చదవమని, విషయం మాత్రం చెప్పమని అడగవచ్చు. ఉత్తరంలోని మాటలు చెవిలో పడకపోతే అవి మనసులో గింగిరాలు కొట్టడం చాలా తగ్గుతుంది.

రెండోది, రాయడమే, కానీ నవల కాదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరి చేత మనసును కలచివేసిన సంఘటన గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల దిగులు పెరిగింది, తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన అవసరం మిగతావాళ్ల కన్నా తగ్గింది. ఎవరికీ చూపించని కాగితం మీద ఆ ఏజెంట్ గురించి, నవల గురించి, మీ గురించి ఏమనిపిస్తే అది రాయండి. భాష, వాక్యం చూసుకోనక్కరలేదు. చేయి మళ్లీ ఆడడం అక్కడే మొదలవుతుంది. దిగులు వారాల తరబడి వదలక, నిద్రా తిండీ కూడా చెడితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

దీపస్తంభం

ధైర్యం కోసం ఒక సంగతి గుర్తుచేస్తాను. 2015లో బుకర్ బహుమతి అందుకున్న మార్లన్ జేమ్స్ తొలి నవల అచ్చు కాకముందు 78 సార్లు తిరస్కరణకు గురైందని ఆయనే చెప్పారు. ఇలాంటి కథలు ఎన్నో ఉన్నాయి. పట్టు వదలకండి.

మూడోప్రతి

దీపస్తంభం గారి సదుద్దేశాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. ఆ కథలు చెప్పేది ఒక్కటే: చదవడం బాగా వచ్చినవాళ్లు కూడా ఒక మంచి పుస్తకాన్ని గుర్తించలేకపోవచ్చు. అది తెలుసుకోవడం మేలే. కానీ తిరస్కరణలు ఎక్కువైన కొద్దీ విజయం దగ్గరైనట్లు అనిపించేలా ఆ కథలు వినిపిస్తాయి, అది నిజం కాదు. అన్నిసార్లూ తిరిగివచ్చి అచ్చు కాకుండానే ఉండిపోయిన నవలల రచయితలను ఎవరూ వేదిక మీదికి పిలవరు కనుక వాళ్ల కథలు మనదాకా రావు.

మార్లన్ జేమ్స్ ఉదంతంలో నాకు ముఖ్యంగా తోచేది ఆ 78 కాదు. విసిగిపోయి ఆయన ఆ రాతప్రతిని నాశనం చేశారు, మిత్రుల కంప్యూటర్లలో ఉన్న ప్రతులను కూడా తుడిచేశారు. తర్వాత ఒక రచనా శిబిరంలో కేలీ జోన్స్ అనే రచయిత్రి చూపించమని అడిగితే, పాత ఈమెయిళ్లలో వెతికి ఒక ప్రతిని బయటికి తీయవలసి వచ్చింది. ఆ నవల 2005లో వెలువడింది. వేకువరాత గారు ఏ వాక్యం చూసినా కొట్టేయాలనిపిస్తోందన్నారు. ఈ స్థితిలో రాతప్రతి మీద కలం పెట్టవద్దని నా ప్రార్థన. ఇప్పుడున్న ప్రతికి తేదీ వేసి ఒక నకలు మీ చేతికి తేలికగా అందని చోట, నమ్మకమైన మిత్రుల దగ్గర ఉంచండి. సవరించవలసినవి ఉంటే నెల తర్వాత కూడా ఉంటాయి.

దీపస్తంభం

మీరన్నది ఒప్పుకుంటున్నాను. అయినా, ఆ అంకె చూసి మర్నాడు ఇంకొక లేఖ పంపగలిగినవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఆసరా.

రెండోఒడ్డు

ఈ చర్చకు దగ్గరి ప్రశ్నే కనుక ఇక్కడే అడుగుతున్నాను. నాకు వచ్చినది పూర్తి తిరస్కరణ కాదు. నా నవలను ఇద్దరు కథకులు చెబుతారు. అందులో ఒకరిని తీసేసి, కథంతా కూతురి నోటనే చెప్పిస్తే మళ్లీ చూస్తానని ఏజెంట్ రాశారు. ఒప్పందం మాట ఏమీ లేదు. అంత పనీ చేశాక మళ్లీ కాదంటే తట్టుకోగలనా అన్నదే నా భయం. మరొకరు జవాబే ఇవ్వలేదు. ఆ మౌనం తిరస్కరణ కన్నా ఎక్కువగా వేధిస్తోంది, కనీసం కాదన్నా బాగుండు అనిపిస్తోంది.

పఠనశాల

రెండోఒడ్డు గారూ, సవరించి పంపమని అడగడం ఏజెంట్లు మర్యాద కోసం చేసే పని కాదు. ఒక రాతప్రతి మీద ఆలోచించి సూచన రాయడానికి వాళ్లు సాయంత్రాలు వెచ్చించాలి. కాబట్టి ఆసక్తి నిజమైనదే. అయినా అది వాగ్దానం కాదు, సవరించాక కాదనడం కూడా జరుగుతుంది. ఆ భయాన్ని తీర్చే మార్గం ఒకటే ఉంది. సూచనను ఒక వారం పక్కన పెట్టి మళ్లీ చదవండి. కూతురి గొంతులో మొత్తం కథ వినాలని మీకే కుతూహలం కలిగితే చేయండి, అప్పుడు ఆ ఏజెంట్ కాదన్నా మీ చేతిలో మీరు కోరుకున్న పుస్తకం ఉంటుంది. కేవలం ఆమెను మెప్పించడానికే అయితే వద్దు. మొదలుపెట్టే ముందు, ఒకసారి ఫోనులో మాట్లాడవచ్చునా అని అడగడంలో తప్పు లేదు. తొందరపడి రెండు వారాలలో తిప్పి పంపకండి. పైపై మార్పులని తెర మీద చూడగానే తెలిసిపోతుంది, నేను అలాంటివి చూశాను.

మౌనం సంగతికి వస్తే, ఎనిమిది వారాలలోనో పన్నెండు వారాలలోనో జవాబు రాకపోతే కాదన్నట్లుగా భావించమని చాలా ఏజెన్సీలు తమ వెబ్‌సైటులోనే రాస్తాయి. అలా రాసి ఉంటే ఆ తేదీని మీ షీటులో వేసి, ఆ రోజు రాగానే మీరే ఆ వరుసను మూసేయండి. వాళ్లు ఇవ్వని ముగింపును మనం ఇచ్చుకోవాలి. అలా ఏమీ రాయకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయవచ్చు. పూర్తి ప్రతి వాళ్ల దగ్గర ఉంటే మూడు నెలల తర్వాత అడగడం సర్వసాధారణం, ఎవరూ ఏమీ అనుకోరు. ఈ మధ్యలో మరొక ఏజెంట్ మిమ్మల్ని తీసుకుంటానంటే వెంటనే ఒప్పుకోకుండా, మీ రాతప్రతి ఉన్న మిగతావాళ్లందరికీ ఆ సంగతి తెలియజేసి రెండు వారాల గడువు ఇవ్వడం ఆనవాయితీ. నెలల మౌనం ఒక్క రోజులో వీడడం అప్పుడే చూస్తాం.

కంచుకోట

ఎవరూ ప్రస్తావించలేదు కనుక హెచ్చరికగా చెబుతున్నాను. వరుస తిరస్కరణలతో మనసు విరిగి ఉన్నవాళ్లనే వెతికి పట్టుకునే మోసగాళ్లు ఉన్నారు. మీ నవల అద్భుతమని, చదవడానికి కొంత రుసుమనీ, ఎడిటింగ్‌కు ఇంతనీ, ప్రచారానికి ఇంతనీ అడుగుతారు. నిఖార్సయిన ఏజెంట్ అమ్మకం మీద కమీషన్ తీసుకుంటారే తప్ప, చదవడానికి రుసుము అడగరు. బ్రిటన్‌లో 1974 నుంచి ఉన్న అసోసియేషన్ ఆఫ్ ఆథర్స్ ఏజెంట్స్‌కు, అమెరికాలోని ఏజెంట్ల సంఘానికీ రాసిపెట్టుకున్న ప్రవర్తనా నియమావళి ఉంది. ఈ మధ్య నిజమైన ఏజెంట్ల పేర్లనే వాడుకుంటూ వేరే చిరునామాల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. మీరు పంపని పుస్తకం గురించి ఎవరైనా తమంతట తాముగా పొగుడుతూ రాస్తే, ఆ ఏజెన్సీ సొంత వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు విడిగా రాసి నిర్ధారించుకోండి. సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం అండతో 1998 నుంచి నడుస్తున్న రైటర్ బివేర్ అనే సేవ ఇలాంటి మోసాలను బయటపెడుతూ ఉంటుంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నెలల తరబడి కాదు కాదు అని విన్న చెవికి మొదటిసారి అవును అని వినిపించినప్పుడు ఇవన్నీ గుర్తురావు. అందుకే ముందే చెబుతున్నాను.

కొత్తకలం

ఒక సందేహం. జాబితా మొత్తం అయిపోతే? ఎక్కడ ఆపాలి?

వరుసక్రమం

దీనికి అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. మీ తరహా నవలలను తీసుకునే ఏజెంట్లు ఎంతమంది ఉంటే అంతే జాబితా. ప్రేమకథలు తీసుకోనివాళ్లకు ప్రేమకథ పంపి తిరస్కరణల లెక్క పెంచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ జాబితా అయిపోతే, ఏజెంట్ లేకుండానే నేరుగా రాతప్రతులు స్వీకరించే చిన్న ప్రచురణ సంస్థలు ఉన్నాయి, అచ్చు కాని నవలలకు పోటీలు ఉన్నాయి. అవీ కాకపోతే పుస్తకాన్ని పక్కన పెట్టడం ఉంది.

నిదానం

పక్కన పెట్టడం అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే అందరం భయపడేది దానికే. ప్రచురితమైన రచయితలలో చాలామందికి అచ్చయిన మొదటి నవల, రాసిన మొదటి నవల కాదు. ఏజెంట్ కాదన్నది ఈ పుస్తకాన్ని, అదీ ఈ రోజున. తర్వాతి నవలను అదే ఏజెంటుకు పంపడానికి అడ్డేమీ లేదు. వేకువరాత గారికి వచ్చినట్లు చదివి, పేరు పెట్టి, నాలుగు మాటలు రాసినవాళ్లైతే తప్పకుండా పంపవలసినవాళ్లు. అందుకే ఎదురుచూపులు మొదలైన రోజునే రెండో పుస్తకం మొదలుపెట్టమంటారు. నేను ఆ సలహాను కొంచెం మార్చి చెబుతాను. మొదటి దాని మీద దిగులును మరిచిపోవడానికి రెండోది రాస్తే ఆ దిగులు రెండోదానిలోకి కూడా వస్తుంది. మొదటి పుస్తకంలో పట్టని ప్రశ్న ఏదో మీకు మిగిలి ఉంటుంది, దాని కోసం రాయండి. నెలకు ఒక్క దృశ్యమైనా పరవాలేదు.

ఏజెంట్ దొరికాక కూడా తిరస్కరణ ఆగదు. అప్పుడు ఎడిటర్లు కాదంటారు, వాళ్ల ఉత్తరాలూ ఇలాగే ఉంటాయి, ఆ తర్వాత సమీక్షకులు ఉన్నారు. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పుస్తకం బాగోగులు తేల్చే పనిని ఎవరికి అప్పగించాలో ఇప్పుడే నిర్ణయించుకోవాలి కనుక చెబుతున్నాను. మీరు రాసే తరహా పుస్తకాలను ఇష్టంగా చదివే, మీతో నిజం చెప్పగల ఇద్దరు ముగ్గురు పాఠకులు చాలు. మీ మధ్య భాగం సాగిందో లేదో వాళ్లు చెప్పాలి. ఏజెంట్ చెప్పగలిగింది తాను అమ్మగలనా లేదా అన్నంత వరకే.

వేకువరాత

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి నుంచి ఈ జవాబులన్నీ మళ్లీ మళ్లీ చదివాను. పఠనశాల గారు రాసిన అక్కచెల్లెళ్ల నవల సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రాతప్రతి నకలు ఒకటి మా అక్కకు పంపాను, నెల దాకా నేనడిగినా ఇవ్వవద్దని చెప్పాను. ఇదివరకు మొత్తం నవల చదివిన ఇద్దరు మిత్రులను, ఏజెంట్ ఉత్తరం సంగతి చెప్పకుండా, చదువుతున్నప్పుడు ఎక్కడైనా పుస్తకం మూసి లేచారా, లేస్తే ఏ పేజీ దగ్గర అని మాత్రం అడిగాను. ఒకరు తొమ్మిదో అధ్యాయం అన్నారు, మరొకరు ఎక్కడా లేవలేదన్నారు. రెండోవారి మాటను, రుజువు కాదని తెలిసినా, ప్రస్తుతానికి దాచుకుంటున్నాను. తొమ్మిదో అధ్యాయం నెల తర్వాత చూస్తాను.

ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. ఆ ఏజెంటుకు జవాబు రాయాలా?

పఠనశాల

మూస ఉత్తరానికి అక్కరలేదు, ఎవరూ ఎదురుచూడరు. పూర్తి ప్రతి చదివి రాసినవారికి రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది. కారణాలు అడగవద్దు, మరొక అవకాశం అడగవద్దు. "నా నవల మొత్తం చదివి, మీ అభిప్రాయం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. తర్వాతి నవల పూర్తయినప్పుడు మీకు పంపడానికి అనుమతిస్తారని ఆశిస్తున్నాను." ఇంతే. మా ఏజెంట్ అలాంటి ఉత్తరాలను ఒక విడి ఫోల్డరులో ఉంచేవారు, రెండో నవల వచ్చినప్పుడు ఆ పేరు వెతికి, ఇదివరకు ఏం రాశామో చూసి మరీ చదివేవారు.

వేకువరాత

అదే రాసి పంపాను. రెండో విడత జాబితాలో పేర్లు వచ్చే వారం సరిచూసుకుంటాను. వరుసక్రమం గారూ, మీ షీటులో ఏయే గడులు ఉంచుకున్నారో వీలైతే ఇక్కడ రాయగలరా? కొత్తకలం గారికి కూడా పనికివస్తుంది.

వరుసక్రమం

తప్పకుండా. ఏజెంట్ పేరు, ఏజెన్సీ, వాళ్లు కోరే తరహా, పంపిన తేదీ, ఏమేమి పంపాం, జవాబు గడువు, జవాబు వచ్చిన తేదీ, వాళ్ల మాటల్లో పనికివచ్చే వాక్యం ఏదైనా ఉంటే అది, తర్వాతి నవల పంపవచ్చునా లేదా. చివరి గడి మాత్రం వదలకండి.